పింఛను దానం కాదు, మన పెద్దల కూలి బాకీ

(బాపట్ల జిల్లాలోని ఒక మాదిగపల్లెలో అక్టోబరు 1న జరిగిన పెద్దల సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త ఇచ్చిన ఉపన్యాసం ఇది. పల్లెలో ఒంటరిగా బతుకుతున్న ఒక వృద్ధుడు చనిపోయిన తర్వాత అక్కడి యువకులు ఈ సభ పెట్టారు. మాట్లాడిన మాటల్ని పెద్దగా మార్చకుండా ఇస్తున్నాం.)



ఇవాళ అక్టోబరు 1. ఐక్యరాజ్యసమితి 1990లో తీర్మానం చేసింది. 1991 నుంచి ఈ రోజుని ప్రపంచమంతా వృద్ధుల దినంగా జరుపుతున్నారు. పట్నాల్లో ఇవాళ సన్మానాలుంటాయి. రిటైరైన పెద్దమనుషులకి శాలువాలు కప్పుతారు, పండ్లు పంచుతారు, పేపర్లో ఫోటో వస్తుంది. మన పల్లెలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. మనకి ఇవాళ ఒకటో తారీకు, అంతే. ఒకటో తారీకంటే పింఛను రోజు. తెల్లారకముందే లేచి మొహం కడుక్కుని, ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని సచివాలయం వాళ్ళ కోసం ఎదురుచూసే రోజు.

పొద్దున నేను వచ్చేసరికి మా పెద్దమ్మ ఇంటి ముందు సచివాలయం అమ్మాయి వేలిముద్ర మిషను పట్టుకుని నిలబడి ఉంది. పెద్దమ్మ కుడి బొటనవేలు పెట్టింది. పడలేదు. ఎడమది పెట్టింది. పడలేదు. చూపుడువేలు పెట్టింది. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఆ పిల్ల విసుక్కోలేదు, పాపం, మంచి పిల్ల. చివరికి మొహం ఫోటో తీసి ఎట్లాగో కానిచ్చింది. పెద్దమ్మ నావైపు చూసి నవ్వి, "నా వేళ్ళు అరిగిపోయినయ్యిరా అబ్బాయా, నేనింకా అరగలా" అంది.

మీరంతా నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే ఏడుపొచ్చింది. ఆ వేళ్ళ మీది గీతలు ఎక్కడికి పోయినయ్యి? పదేళ్ళ వయసు నుంచి నాట్లు వేసింది ఆ వేళ్ళతో. కలుపు తీసింది ఆ వేళ్ళతో. మిరపకాయలు కోసింది, పత్తి తీసింది, పొగాకు ఆకు అల్లింది. ఆ గీతలు ఊళ్ళోవాళ్ళ పొలాల్లో పోయినయ్యి. ఆ పొలాల మీద వచ్చిన పంటతో మేడలు లేచినయ్యి, రైసు మిల్లులు లేచినయ్యి, పిల్లలు అమెరికా పోయారు. ఇవాళ మిషను అడుగుతోంది, నువ్వెవరు, నీ గుర్తు ఏది అని. ఆమె గుర్తు ఆ పొలంలో ఉంది. అక్కడికి పోయి అడగమనండి.

ఈ సభ ఎందుకు పెట్టామో మీకు తెలుసు. రెండు నెలల కింద డప్పు బాబాయి పోయాడు. మీరంతా ఆయన్ని అట్లాగే పిలిచేవాళ్ళు, నేనూ అట్లాగే అంటాను. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళల్లో ఆయన డప్పు లేకుండా జాతర లేదు, చావు లేదు. కొడుకు హైదరాబాదులో తాపీ పని. కూతురు అత్తగారి ఊళ్ళో. పిన్ని పోయి ఆరేళ్ళయింది. బాబాయి ఒకటో తారీకున పింఛను తీసుకున్నాడు. ఎనిమిదో తారీకున తలుపు తోసి చూశారు. పోయి రెండు రోజులై ఉంటుందన్నారు. తలగడ కింద కవర్లో పింఛను డబ్బు ఉంది. మూడు వేల ఆరొందలు. నాలుగు వేలల్లో నాలుగొందలే ఖర్చయింది.

ఆ మూడు వేల ఆరొందలు నన్ను నిద్రపోనివ్వడంలేదు. ప్రభుత్వం లెక్కల్లో ఆయనకి ఏ లోటూ లేదు. పింఛను అందింది, సంతకం ఉంది. ఇంట్లో కోటా బియ్యం కూడా ఉన్నయ్యి. వండి పెట్టే మనిషి లేదు. జ్వరం ఎన్నాళ్ళుగా ఉందో తెలిసిన మనిషి లేదు. ఆయన ఇంటికీ పక్కింటికీ మధ్య ఒక్క గోడ. ఆ గోడకి అవతల మనమే ఉన్నాం.

అందుకని ఇవాళ నేను రెండు మాటలు చెప్పాలని వచ్చాను. ఒకటి ప్రభుత్వంతో తేల్చుకోవాల్సింది. రెండోది మనతో మనం తేల్చుకోవాల్సింది. మొదటిది చెప్పడం మనకి అలవాటే. రెండోది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను.

మొదటి మాట. ఈ పింఛన్ల పేర్లు చూడండి. మన రాష్ట్రంలో ఒకరు దాన్ని భరోసా అన్నారు, ఇంకొకరు కానుక అన్నారు. తెలంగాణలో ఒకరు ఆసరా అన్నారు, ఇంకొకరు చేయూత అన్నారు. అన్నీ ఇచ్చేవాడి వైపు నుంచి పెట్టిన పేర్లే. తీసుకునేవాళ్ళ వైపు నుంచి ఒక్క పేరూ లేదు. కానుక అంటే ఏంటి? పెళ్ళికి పోయి ఇచ్చేది కానుక. ఇష్టముంటే ఇస్తారు, లేకపోతే లేదు. నేను ప్రభుత్వ టీచర్ని. ఒకటో తారీకున నాకు జీతం పడుతుంది. దాన్ని కానుక అని ఎవరన్నా అంటే నేనూరుకుంటానా? పని చేశాను, డబ్బు తీసుకున్నాను అంటాను. మరి మా పెద్దమ్మ యాభై ఏళ్ళు పని చెయ్యలేదా?

మా టీచర్ల సంగతే చెప్తాను. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరిన మాకు పాత పెన్షన్ తీసేసి సీపీఎస్ పెట్టారు. అది అన్యాయమని ధర్నాల్లో కూర్చున్నాను. ముసలితనంలో మా గతేంటి అని మైకు పట్టుకుని అడిగాను. అడగడం న్యాయమే. కానీ ఒకరోజు ధర్నా టెంటు పక్కనుంచి మిరపకోతల కూలీల ఆటో పోయింది. వెనక కాళ్ళు వేలాడేసుకుని అరవై దాటిన ముసలమ్మ కూర్చుని ఉంది. ఆమె సంగతి మా డిమాండ్ల కాగితంలో ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళు నీడపట్టున పనిచేసినవాడికి పెన్షన్ హక్కు. యాభై ఏళ్ళు ఎండలో పనిచేసినామెకి పెన్షన్ దయ. ఈ తేడా ఎక్కడిది? చదువు తేడా అంటారు. చదువు మనకెందుకు లేకుండా పోయిందో అడిగితే ఆ తేడాకి అసలు పేరు కులమని తెలుస్తుంది.

చరిత్ర కొంచెం చూద్దాం. రాజ్యాంగం 41వ అధికరణం ఏం చెప్తోంది? పని లేనప్పుడు, ముసలితనంలో, జబ్బు చేసినప్పుడు, అంగవైకల్యం వచ్చినప్పుడు ప్రభుత్వ సాయం పొందే హక్కు పౌరులకి ఉండేలా రాజ్యం తన శక్తి మేరకు ఏర్పాటు చెయ్యాలి అంటోంది. హక్కు అనే మాటే అక్కడుంది. కానుక అని లేదు. అయితే దాన్ని ఆదేశిక సూత్రాల్లో పెట్టారు, కోర్టుకి పోయి అమలు చేయించుకోలేం. ఆ రాజ్యాంగం వచ్చిన 45 ఏళ్ళకి, 1995 ఆగస్టు 15న, కేంద్రం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలుపెట్టింది. దిక్కులేని వృద్ధులకి నెలకి రు. 75. అదీ 65 ఏళ్ళు నిండితేనే. బాబాసాహెబ్ 1891లో పుట్టి 1956లో పోయాడు. ఆయన బతికింది 65 ఏళ్ళు. రాజ్యాంగం రాసిన మనిషి పింఛను వయసు రాగానే వెళ్ళిపోయాడు. ఇక మన పల్లెలో ఆ వయసు దాకా ఎంతమంది వచ్చారో మీ ఇళ్ళల్లో మీరే లెక్కేసుకోండి.

ఆ రు. 75 తర్వాత 200 అయింది. వయసు 2011లో 60కి దిగింది. 60 నుంచి 79 ఏళ్ళ వాళ్ళకి కేంద్రం వాటా ఇవాళ్టికీ ఆ 200 రూపాయలే. 80 దాటితే 500. మిగతాది రాష్ట్రాలు కలుపుతున్నాయి. మన రాష్ట్రంలో 2014లో వెయ్యి, 2019లో మొదట 2,000, తర్వాత 2,250, 2024 జనవరికి 3,000, ఆ ఏడాది జులై నుంచి 4,000. తెలంగాణలో 2014 నవంబరులో వెయ్యితో మొదలై 2019లో 2,016 అయింది. ఎన్నికల ఏడాదులు ఈ అంకెల పక్కన పెట్టి చూడండి, ఎప్పుడు ఎందుకు పెరిగిందో తెలుస్తుంది. పెరగడం మంచిదే. నేను కాదనను. ఓటు భయం లేకపోతే ఆ మాత్రం కూడా పెరిగేది కాదు. కానీ ఓటు భయంతో పెరిగేది ఓటు భయం పోగానే ఆగుతుంది. 2024 ఏప్రిల్ గుర్తుందా? ఎన్నికల కోడ్ వచ్చింది. 2020 నుంచి ఇంటికి తెచ్చిస్తున్న పింఛను ఆ నెల ఇంటికి రాలేదు. మంచం దిగలేనివాళ్ళు తప్ప మిగతావాళ్ళు సచివాలయానికి నడిచారు. మరుసటి నెల బ్యాంకులో వేశామన్నారు, బ్యాంకుకి నడిచారు. మండుటెండ. తప్పు మీదంటే మీదని పార్టీలు తిట్టుకున్నాయి. ఎండ దెబ్బ తగిలింది మాత్రం వాళ్ళకెవరికీ కాదు.

వయసు సంగతి ఇంకొకటుంది. దాన్ని మనం గట్టిగా అడగాలి. 2018లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం ఒక నివేదిక ఇచ్చింది. మన దేశంలో అగ్రకుల స్త్రీ కంటే దళిత స్త్రీ సగటున 14.6 ఏళ్ళు ముందుగా చనిపోతోందని అందులో ఉంది. అంటే అందరికీ 60 ఏళ్ళు అని గీత గీస్తే, ఆ గీత దగ్గరికి మన ఆడవాళ్ళు చాలామంది చేరరు. సమానంగా కనిపించే గీత కూడా కులాన్ని బట్టి ఎత్తు మారుతుంది. మన రాష్ట్రంలోనే చేనేత వాళ్ళకి, కల్లుగీత వాళ్ళకి, మత్స్యకారులకి, డప్పు కళాకారులకి 50 ఏళ్ళకే పింఛను ఇస్తున్నారు. చెప్పులు కుట్టేవాళ్ళకి 40కే ఇస్తున్నారు. ఒళ్ళు గుల్లచేసే వృత్తులని ఒప్పుకుని ఇస్తున్నారు, న్యాయమే. మరి నడుము వంచి నాట్లు వేసేది వృత్తి కాదా? పురుగుమందు కొట్టిన చేలో రోజంతా మిరపకాయలు కోసేది వృత్తి కాదా? భూమి లేని వ్యవసాయ కూలీ స్త్రీకి 50 ఏళ్ళకే పింఛను ఇవ్వమని మనం అడగాలి. ఎవరూ కొత్తగా దయచూపనక్కర్లేదు, ఉన్న సూత్రాన్నే మన ఆడవాళ్ళకీ వర్తింపజేయమని అడగాలి.

ఒక రేషన్ కార్డుకి ఒకే వృద్ధాప్య పింఛను అనే నిబంధన కూడా చూడండి. ముసలాయనకి వస్తే ముసలామెకి రాదు. ఇద్దరూ కూలి చేశారు గదా? కూలి ఇచ్చేటప్పుడు ఆడమనిషికి తక్కువ ఇచ్చారు, పింఛను దగ్గరికొచ్చేసరికి అసలు మనిషే లేదన్నారు. ఆధార్లో వయసు తప్పుపడినవాళ్ళ సంగతి మీకు తెలుసు. పుట్టిన తేదీ తెలియని తల్లిని ఎవరో కుర్రాడు మొహం చూసి యాభై రెండు అని రాశాడు. ఆ అంకె ఇప్పుడు ఆమె నెత్తిన కూర్చుంది. వికలాంగుల పింఛన్లు 2025లో మళ్ళీ తనిఖీ చేశారు. దొంగల్ని పట్టుకోవద్దని ఎవరూ అనరు. కానీ నిజంగా కాలు లేనివాళ్ళు కూడా వణుకుతూ ఆస్పత్రి మెట్లెక్కి, మాకు నిజంగానే కాలు లేదయ్యా అని చూపించుకోవాల్సి వచ్చింది.

2012లో అరుణా రాయ్, బాబా ఆఢావ్ వంటివాళ్ళు పెన్షన్ పరిషత్ పెట్టి ఒక మాటన్నారు. అసంఘటిత కార్మికులకి కనీస వేతనంలో సగమన్నా పెన్షన్‌గా ఇవ్వండి అన్నారు. ఈ బాబా ఆఢావ్ ఎవరనుకున్నారు? పూణేలో హమాలీలకి సంఘం పెట్టిన మనిషి. మహారాష్ట్రలో ఒక ఊరికి ఒకే నీళ్ళ రేవు ఉండాలని, అంటరానితనం మీద ఊరూరా తిరిగిన మనిషి. నీళ్ళ దగ్గర మొదలైన పోరాటం పెన్షన్ దాకా వచ్చింది చూడండి. రెండూ ఒకటే. మనిషిని మనిషిగా లెక్కలో రాసుకోమనడమే.

ఇక రెండో మాట. సిగ్గుగా ఉందని చెప్పానే, అది.

మా అమ్మకి పింఛను వచ్చేది. 2020లో ఇంటికి తెచ్చివ్వడం మొదలైన రోజుల్లోనే ఏరివేత కూడా మొదలైంది. పొలం ఎంత, కరెంటు ఎన్ని యూనిట్లు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నాడా అని చూశారు. మా కార్డులో నా పేరు ఉంది. నేను టీచర్ని. అమ్మ పింఛను ఆగిపోయింది. నేను పట్నంలో ఉంటున్నా, అమ్మ పల్లెలో ఒక్కతే ఉంటోంది. నాకు కోపం వచ్చింది. ఈ మండలంలో వందమందికి అర్జీలు రాసినవాణ్ణి, మా అమ్మకి రాయలేనా అని కాగితం తీశాను. అమ్మ అడిగింది, "ఏం రాస్తన్నావురా?" అని. చెప్పాను. "నీకు జీతం ఎంతొస్తది?" అంది. చెప్పాను. ఇంకేమీ అనలేదు. పోయి పొయ్యి దగ్గర కూర్చుంది.

నేను ఆ కాగితం చించేశాను. ప్రభుత్వం నిబంధనలో ఒక మాట ఉంది, కొడుక్కి ఉద్యోగం ఉంది గనక చూసుకుంటాడు అని. నిజంగా చూసుకున్నానా? వచ్చినప్పుడు ఇచ్చేవాణ్ణి. ఒక నెల ఐదొందలు, ఒక నెల రెండు వేలు, ఒక నెల మర్చిపోయేవాణ్ణి. మర్చిపోయిన నెల ఆమె అడిగేది కాదు. ఆ నెలల్లో రాత్రిపూట వండుకోకుండా పడుకునేదని మా పక్కింటి వదిన చెప్పింది. నేను అంబేద్కర్ జయంతికి ఉపన్యాసం ఇస్తున్న రాత్రి కూడా మా అమ్మ మంచినీళ్ళు తాగి పడుకుందేమో, నాకు తెలియదు.

ఎందుకు అడగలేదమ్మా అంటే ఆమె చెప్పిన మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. "ఒకటో తారీకు ఇంటికొచ్చే డబ్బుని అడగక్కర్లేదురా. నిన్ను అడగాలి" అంది.

అప్పుడు నాకు పింఛను అంటే ఏంటో అర్థమైంది. అది రు. 2,250 కాదు, రు. 4,000 కాదు. ఎవరినీ అడక్కుండా వచ్చే డబ్బు. మన పెద్దలు పుట్టినప్పటి నుంచి అడుగుతూనే బతికారు. కళ్ళం దగ్గర గింజలు అడిగారు. ఆసామి దొడ్లో గంజి అడిగారు. పాత చొక్కా అడిగారు. పండక్కి మామూలు అడిగారు. పాలేరు ముసలివాడై బరువు ఎత్తలేకపోతే ఆసామి ఏమనేవాడో తెలుసా? "రేపట్నుంచి నీ కొడుకుని పంపరా" అనేవాడు. అదే మనవాళ్ళ రిటైర్మెంటు సభ. అదే శాలువా. అట్లా బతికినవాళ్ళకి జీవితంలో మొదటిసారి ఒక డబ్బు అడక్కుండా వచ్చింది. అందుకే ఆ ముసలమ్మ తెల్లారకముందే మొహం కడుక్కుని కూర్చునేది. ఆ గౌరవం పోగొట్టి, కొడుకు దగ్గరైనా సరే, మళ్ళీ చెయ్యి చాచమంటే ఆమె పస్తు పడుకుంటుంది గానీ చాచదు.

తల్లిదండ్రుల పోషణకి 2007లో చట్టం వచ్చింది. ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు, నెలకి పది వేల దాకా ఇప్పిస్తారు. ఉద్యోగాలున్న కొడుకులకి, నాలాంటివాళ్ళకి, ఆ చట్టం చదివి వినిపించాల్సిందే. ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ కాగితాలు కూడా రద్దు చేయించుకోవచ్చు. రాసివ్వడానికి మన పెద్దలకేముంది? డప్పు బాబాయి కొడుకు మీద కేసు పెడితే ఏమొస్తుంది? వాడే రోజుకూలి. వాడు బతకలేక పోయాడు గానీ తండ్రి మీద ప్రేమ లేక పోలేదు. భూమి లేనితనం మన పిల్లల్ని హైదరాబాదుకి, బెంగుళూరుకి తరిమింది. నా బళ్ళో తల్లిదండ్రుల సమావేశం పెడితే సగంమంది నాయనమ్మలు, అమ్మమ్మలు వస్తారు. మనవల్ని పెంచేది వాళ్ళే, బడికి పంపేది వాళ్ళే. మనం ముసలాళ్ళని చూసుకోవడం గురించి మాట్లాడుతున్నాం గానీ, పల్లెలో ఇవాళ్టికీ ముసలాళ్ళే మనల్ని చూసుకుంటున్నారు.

బడి గేటు దగ్గర నేను చూసే ఒక సంగతి చెప్తా. మధ్యాహ్న భోజనం గంట కొట్టాక ఒకామె గిన్నె తెచ్చుకుని గోడవార నిలబడుతుంది. లోపలికి రాదు. వంటామె మిగిలింది పెడుతుంది. మిగలని రోజు ఆమె వెళ్ళిపోతుంది. బడి పిల్లలకి అన్నం పెట్టొచ్చని 2003లో మనకి తెలిసింది. తమిళనాడులో 1980లలోనే ఆ భోజన కేంద్రాల్లో వృద్ధాప్య పింఛనుదార్లకి కూడా అన్నం పెట్టారు. ఆ గిన్నె గోడవార నుంచి లోపలికి రావాలి. అది దొంగతనంగా పెట్టే అన్నం కాకూడదు, లెక్కలో రాసిన అన్నం కావాలి. ఇది ప్రభుత్వాన్ని అడుగుదాం. అడుగుతూ కూర్చోకుండా మనమేం చెయ్యగలమో కూడా చూద్దాం.

కేరళ సంగతి వినండి. కోజికోడులో 1993లో కొందరు డాక్టర్లు, కొందరు మామూలు మనుషులు కలిసి మంచంపట్టిన రోగుల కోసం ఒక సంఘం పెట్టారు. తర్వాత ఊరూరా మామూలు జనం, ఆటోవాళ్ళు, కాలేజీ పిల్లలు, టీచర్లు వారానికి కొన్ని గంటలు ఇచ్చి, మంచంలో ఉన్నవాళ్ళ ఇళ్ళకి పోవడం మొదలుపెట్టారు. పుండు కడగడం, మందు ఇవ్వడం, కూర్చుని మాట్లాడటం. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని తన విధానంగా తీసుకుంది. ముందు జనం చేశారు, వెనక ప్రభుత్వం వచ్చింది. మన దగ్గర ఆస్పత్రి కార్డు ఉంది. 2024 అక్టోబరు నుంచి 70 దాటినవాళ్ళకి కేంద్రం అయిదు లక్షల వైద్యం అంటోంది. మంచిదే. కానీ ఆస్పత్రిలో చేర్చాలంటే ముందు ఈ మనిషికి జ్వరం వచ్చిందని ఎవరికో ఒకరికి తెలియాలి కదా. బాబాయి దగ్గర తెగిపోయింది అక్కడే.

నేను టీచర్ని, నాకు తెలిసిన పని ఒకటే. హాజరు తీసుకోవడం. పిల్లవాడు రెండు రోజులు బడికి రాకపోతే ఇంటికి కబురు పంపుతాం. ముసలాయన రెండు రోజులు బయటికి రాకపోతే మనం ఏం చేశాం? అందుకని ఇదిగో, ఒక హాజరుపట్టీ తెచ్చాను. బళ్ళో వాడేదే. ఇందులో పల్లెలో అరవై దాటినవాళ్ళ పేర్లన్నీ రాద్దాం. ఒంటరిగా ఉండేవాళ్ళ పేరు కింద ఎర్రగీత గీద్దాం. ఎవరు ఏ మందులు మింగుతున్నారు, 104 బండి వచ్చినప్పుడు ఎవరు పోలేకపోతున్నారు, కొడుకు, కూతురు ఫోను నంబరు ఏంటి, ఆధార్లో ఎవరి వయసు తప్పు పడింది, అన్నీ రాద్దాం. ఒక్కో తమ్ముడు, ఒక్కో చెల్లెలు నాలుగు ఇళ్ళు తీసుకోవాలి. పొద్దునొకసారి, పొద్దుగూకాక ఒకసారి గుమ్మంలో నిలబడి "తిన్నావా పెద్దమ్మా?" అని అడగాలి. తిన్నానంటే ఒక టిక్కు. తినలేదంటే ఎందుకని అడగాలి. దీనికి ఏ జీవో అక్కర్లేదు.

రెండోది అన్నం. వండుకోలేని వాళ్ళు ఈ పల్లెలో తొమ్మిదిమంది ఉన్నారని తమ్ముళ్ళు లెక్క తీశారు. డ్వాక్రా సంఘం అక్కలు రోజుకి ఒక పూట ఒక్క దగ్గర వండుతామన్నారు. వాళ్ళ కోటా బియ్యం వాళ్ళే ఇస్తారు, కూర ఖర్చు ఉద్యోగాలున్న మనం పెట్టుకోవాలి. ఈ పల్లె నుంచి పదకొండుమందిమి ఉద్యోగాల్లో ఉన్నాం. రిజర్వేషను మన ఒక్కళ్ళ తెలివికి వచ్చింది కాదు. ఈ పెద్దలు తినీ తినక మనల్ని హాస్టలుకి పంపితే వచ్చింది. మూడోది, కులం పెద్దలు మన్నించాలి, ఈ పంపకంలో మాల, మాదిగ అని గానీ, మందిరానికి వస్తారా రారా అని గానీ చూడొద్దు. పల్లె చివర యానాదుల గుడిసెలు రెండు ఉన్నాయి. హాజరుపట్టీలో మొదటి పేరు ఆ ముసలమ్మది రాయండి. మనల్ని ఊరు ఎట్లా చూసిందో మనం వాళ్ళని అట్లా చూస్తే, మనం నేర్చుకుంది ఏమీ లేదు.

నాలుగోది శ్మశానం. వినడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్తున్నా. మన పెద్దలు నన్ను ఎక్కువసార్లు అడిగేది పింఛను గురించి కాదు. "అబ్బాయా, మనకి బొందలగడ్డ తేలిందా?" అని. చచ్చాక కూడా ఎక్కడ పెడతారోనని బెంగ. కాలువ కట్ట మీద మోకాలి లోతు నీళ్ళల్లో బాబాయిని పూడ్చాం. ఆ స్థలం కోసం ఇచ్చిన అర్జీ మీద ఇంతవరకు సర్వే జరగలేదు. ఈ నెల గ్రామసభలో అది మొదటి అంశం కావాలి. పెద్దలందరూ వచ్చి కూర్చోండి. మీరు మాట్లాడనక్కర్లేదు, కూర్చుంటే చాలు.

చివరిగా ఒక మాట. ముసలాళ్ళంటే మనం జాలిపడాల్సిన వాళ్ళు అనుకోవద్దు. ఈ జిల్లాలోనే కారంచేడు ఉంది. 1985 జులై 17న అక్కడ మనవాళ్ళని నరికి చంపారు. ఆ కేసులో సాక్షిగా నిలబడింది అలీసమ్మ, ఒక ముసలి తల్లి. ఆమెని కూడా చంపేశారు. ఈ జిల్లాలోనే చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6 తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి ముసలివాళ్ళయిన వాళ్ళున్నారు. ఇవాళ మనం తల ఎత్తి జై భీమ్ అంటున్నామంటే ఆ ముసలి గొంతులు ముందు అన్నాయి గనకనే. మనం ఏప్రిల్ 14కి ఫ్లెక్సీలు కడుతున్నాం. కట్టండి. కానీ ఆ విగ్రహం అరుగు మీద మధ్యాహ్నం పూట కూర్చునేది ఎవరో చూడండి. మన తాతలే. బాబాసాహెబ్ కాళ్ళ దగ్గర కూర్చున్న తాత తిన్నాడో లేదో అడగకుండా పైన దండ వేస్తే, ఆ దండ ఆయన మెడకి బరువే.

మా అమ్మ సంగతి అడుగుతారేమో. ఇప్పుడు ప్రతి ఒకటో తారీకున పొద్దున్నే నాలుగు వేలు ఆమె చేతికి అందేలా ఏర్పాటు చేశాను. నేను రాలేకపోతే పక్కింటి వదిన తెచ్చిస్తుంది. ఏ నెలా తారీకు తప్పలేదు, ఆమె అడగలేదు. దాన్ని ఆమె "నా పింఛను" అంటుంది. కొడుకు ఇచ్చాడు అనదు. మొదట్లో నాకు కొంచెం బాధనిపించింది. ఇప్పుడు ఆ మాట వింటే బాగుంటుంది. అది ఆమెదే. నన్ను చదివించడానికి ఆమె చేసిన కూలిలో బాకీ అది, నెలనెలా కొంచెం కొంచెం తీరుస్తున్నాను. ప్రభుత్వం కూడా అట్లాగే తీర్చాలి. పల్లె కూడా అట్లాగే తీర్చాలి.

హాజరుపట్టీ అక్క దగ్గర పెడుతున్నాను. సభ అయ్యాక ఎవరూ ఊరికే వెళ్ళిపోవద్దు. నాలుగు ఇళ్ళు ఎవరివో రాసుకుని వెళ్ళండి. ఇవాళ రాత్రి నుంచే మొదలు.

జై భీమ్.